పక్కపక్కన పడ్డ సీట్లు

ఢిల్లీ నుంచి విజయవాడ వెళ్ళే ఉదయం విమానం. తలుపు ఇంకా వెయ్యలేదు. ఈ భూప్రపంచంలో ఎవరి పక్కన కూచోకూడదని మైథిలి ఏడాదిన్నరగా జాగ్రత్త పడుతోందో, ఆ నిరంజన్ పక్కనే, ముందు వరుసలో, బిజినెస్ క్లాసులో, అదీ పైసా అదనంగా కట్టకుండా కూచుని ఉంది.

"చెయ్యి తియ్యి."

"ఏ చెయ్యి?"

"మధ్యలో పెట్టావే, అది. అది ఇద్దరి జాగా."

"ఇద్దరిదీ అయితే నాది కూడానేగా. ఇంత వెడల్పు సీట్లో కూడా నా చెయ్యే అడ్డమొచ్చిందా నీకు?"

"వెడల్పు సంగతి కాదు. నువ్వు కూడా ఇదే విమానమని తెలిసి, ఏరికోరి రెక్కలకి ముందు సీటు తీసుకున్నాను. నీకెప్పుడూ వెనకే ఇష్టంగా, టాయిలెట్ దగ్గరని. మధ్యలో సగం విమానం ఉంటుంది కదా అనుకున్నాను."

"అయితే వెళ్ళు. నీ సీటుకి నువ్వు వెళ్ళిపో. నేనేమన్నా కొంగు పట్టుకుని ఆపానా?"

"అడిగాను. ఆ సీటు ఎవరికో ఇచ్చేశారట. విమానం నిండిపోయిందట. నువ్వెళ్ళు."

"నేనెందుకు వెళ్తాను? ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ తిరుగుతున్నాను ఈ దారిన. ఒక్కనాడు ఫ్రీగా ముందు సీటు ఇచ్చిన పాపాన పోలేదు ఎవడూ. ఇచ్చిన రోజున లేచిపొమ్మంటావా?"

"అంటాను."

"లేవను."

"నాకు తెలుసు లేవవని. సరే, ఒక్క సంగతి చెప్పు. ఎవరితో చెప్పి చేయించావు?"

"ఏం చేయించాను?"

"ఈ సీట్లు."

"నేనా? నువ్వే చేయించావని కదా నేననుకుంటున్నాను."

"నేనెందుకు చేయిస్తాను?"

"ఎందుకా? నన్ను మెత్తబరచడానికి. మెత్తటి సీటు, కాళ్ళు చాపుకునే చోటు, గాజుగ్లాసులో జ్యూసు. రేపు కోర్టులో జడ్జిగారు 'ఏమయ్యా, విడాకులకి నీకు సమ్మతమేనా' అంటే నేను కరిగిపోయి సరే అనాలని."

"నువ్వు కరిగే మనిషివైతే మనం ఈ విమానం ఎక్కేవాళ్ళమే కాదు."

"మీ బాబాయి పనే ఇది. ఆయన విమానాల మంత్రిత్వ శాఖలో చేశాడుగా. జనక్‌పురిలో కూచుని ఫోను తిప్పి ఉంటాడు."

"అనంతరామయ్య బాబాయి రిటైరై ఎన్నాళ్ళయింది? ఇప్పుడాయన ఫోను చేస్తే ఆ ఆఫీసు క్యాంటీన్ వాడు కూడా ఎత్తడు."

"రాజీ చేస్తా, రాజీ చేస్తా అని తిరిగింది ఆయనేగా."

"తిరిగాడు. నీ గురుగ్రామ్ ఫ్లాటుకి మెట్రో ఎక్కి వచ్చాడు, ఆ మోకాళ్ళతో. నువ్వు తలుపు తియ్యలేదు."

"నిద్రపోతున్నాను."

"నీకెప్పుడూ ఇంతే. పిలిచినప్పుడల్లా నిద్రపోతూ ఉంటావు, లేకపోతే వినపడదు."

"మొదలుపెట్టకు."

"నేను మొదలుపెట్టలేదు."

ఎయిర్‌హోస్టెస్ మజ్జిగ, నిమ్మరసం ఉన్న ట్రేతో వచ్చింది.

"సర్, మేడమ్, టేకాఫ్ సే పహలే కుఛ్ లేంగే? ఛాస్ హై, నింబూ పానీ హై."

"నింబూ పానీ. మేడమ్ కో భీ. బినా చీనీ."

"నాకేం వద్దు. దీదీ, ముఝే కుఛ్ నహీఁ చాహియే."

"ఎప్పుడూ చక్కెర లేకుండానే తాగుతావుగా, అందుకని..."

"నాకేం కావాలో నువ్వు చెప్పకు. ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"మెల్లగా. వెనకవాళ్ళు వింటున్నారు."

"వినరు. తెలుగు రాదు వాళ్ళకి. వచ్చినా విననీ."

"సరే సరే. పరువు తియ్యకు. పొద్దున్నే ఒక మంచి మాట వినే యోగం లేదు నాకు. ఆ గేటు దగ్గర అమ్మాయి నయం. ఫోను చార్జింగులో పెట్టి మర్చిపోతే, అంత దూరం పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టింది. ఎవరో పరాయి పిల్ల. ఆ పిల్లకున్న శ్రద్ధలో కాస్తయినా..."

"కాస్తయినా?"

"ఏం లేదు."

"చెప్పు. కాస్తయినా నీ భార్యకి లేదు. అదేగా?"

"నువ్వే అన్నావు. నేననలేదు."

"ఏం చేస్తున్నావు? ఆ ఫోనెందుకు అలా పట్టుకున్నావు?"

"సీటు ఫోటో."

"అందులో నా మోచెయ్యి ఉంది. గాజులున్నాయి. తీసెయ్."

"పంపేశాను."

"ఎవరికి?"

"అమ్మకి."

"మీ అమ్మకా!"

"ఊరికే పంపాను. ముందు సీటు వచ్చిందని. సంతోషిస్తుందని."

"ఏమంది?"

"దణ్ణం బొమ్మ పెట్టింది. రెండు."

"చూశావా. ఇంకో గంటకి సత్యనారాయణపురం అంతా తెలుస్తుంది. దుర్గాంబగారి అబ్బాయీ కోడలూ కలిసిపోయారట, పెద్ద క్లాసులో వస్తున్నారట అని. రేపు జడ్జి విడివిడిగా ఉంటున్నారా అని అడిగితే, మీ వకీలు లేచి ఈ ఫోటో చూపిస్తాడు. మళ్ళీ వాయిదా. అందుకేగా ఇదంతా?"

"నీ బుర్ర ఎక్కడెక్కడికి పోతుందో నాకర్థం కాదు."

"పోయిన వాయిదాకి ఆఫీసులో ఆడిట్ అన్నావు. అంతకు ముందు జ్వరం అన్నావు."

"నిజంగానే వచ్చింది జ్వరం."

"నేను రెండుసార్లూ సెలవు పెట్టుకుని వెళ్ళాను. కోర్టు వరండాలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూచున్నాను. నువ్వొస్తావేమోనని మెట్ల వంక చూస్తూ. మన పెళ్ళప్పుడు కూడా అంత ఎదురుచూడలేదు నీకోసం."

"ఇప్పుడొస్తున్నానుగా."

"వచ్చి ఏమంటావు?"

"చూద్దాం."

"చూద్దాం కాదు. అవునా కాదా?"

"రేపటి సంగతి ఇప్పుడెందుకు? హాయిగా కాళ్ళు చాపుకో."

"నాకు రేపటి సంగతి తప్ప వేరే సంగతి లేదు. నువ్వు ఒక్క మాట అంటే నేను బయటపడతాను. అనకపోతే మళ్ళీ మొదట్నుంచీ. కొత్త కేసు, కొత్త నిందలు, నీ మీద నేను, నా మీద నువ్వు. నాకు ఓపిక లేదు. చెప్పు, సరేనంటావా?"

"చూద్దాం అన్నానుగా."

"ఎందుకు? నీకూ అక్కర్లేదు నేను. ఏడాదిన్నరలో ఒక్కసారి ఫోను చెయ్యలేదు, చచ్చానా బతికానా అని. మరెందుకు పట్టుకున్నావు?"

"నేను పట్టుకోలేదు."

"మరి?"

"నువ్వు నాకొకటి బాకీ ఉన్నావు."

"ఏంటది?"

"నీకు తెలుసు."

"తెలీదు."

"తెలుసు. ఒక్కసారి ఆ మాట అను. అంతే."

"ఓ. అదా. ఇంకా అదేనా? ఇక్కడ, ఈ విమానంలో, విడాకులకి వెళ్తూ కూడా అదేనా?"

"అవును, అదే. నవ్వకు. ఏం, అంత కష్టమా? మా అమ్మ మా నాన్నని అలాగే పిలిచింది. మా చెల్లెలు పిలుస్తుంది. మీ అమ్మ పిలవదూ మీ నాన్నని? నీకొక్కదానికే నాలిక తిరగదు."

"నిన్ను నేను మొదటిసారి ఎక్కడ పిలిచానో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు. బేర్ సరాయ్ మెస్సులో."

"ఏమని పిలిచాను?"

"పేరు పెట్టి."

"నువ్వేమన్నావు?"

"అవన్నీ చదువుకునే రోజుల మాటలు."

"ఏమన్నావు?"

"నా పేరు ఇంత బాగుంటుందని నాకే తెలీదు అన్నాను. అయితే?"

"అయితే, ఆ పేరు పెళ్ళవగానే బూతుమాట ఎలా అయింది?"

"బూతని ఎవరన్నారు? నలుగురిలో అన్నాను. మా చెల్లెలి గృహప్రవేశంలో, మావాళ్ళందరి ముందూ, ఏమన్నావు? 'నిరంజన్, ఇటు రా, ఈ గిన్నె పట్టుకో.' మా మేనత్త నోరు నొక్కుకుంది. అమ్మ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు."

"గిన్నె కాలుతోంది. పాలు పొంగించిన గిన్నె. కాలుతుంటే పిలిచాను."

"ఆ కాలే గిన్నె పట్టుకుని 'ఏవండీ' అంటే చేతులు ఇంకాస్త కాలేవా?"

"ఆ రాత్రి నుంచి పేరు పెట్టి పిలిస్తే పలకనన్నావు. నేను నవ్వులాట అనుకున్నాను."

"నవ్వులాట కాదు."

"తెలిసింది. కాదని బాగా తెలిసింది. అన్నానికి పిలిస్తే పలకలేదు. గ్యాస్ వాడొచ్చాడంటే పలకలేదు. భుజం తట్టి చూపిస్తే వచ్చేవాడివి, మూగవాళ్ళ కాపురంలాగా. సరే, అదీ పోనీ అనుకున్నాను. కాలు జారి పడ్డ రోజున..."

"అది వద్దు. ఇప్పుడది తియ్యకు."

"బాత్రూములో పడ్డాను. లేవలేకపోయాను. నిరంజన్ అని పిలిచాను. నిరంజన్, నిరంజన్ అని. ఎన్నిసార్లు పిలిచానో నాకే తెలీదు."

"టీవీ పెట్టుకున్నాను. వినపడలేదని నీకు చెప్పాను."

"చెప్పావు."

"నువ్వు నమ్మలేదు."

"నేను పిలవగానే టీవీ చప్పుడు ఆగింది. మ్యూట్ చేశావు. చల్లటి గచ్చు మీద పడి ఉన్నాను, ఆ చప్పుడు ఆగడం విన్నాను. హమ్మయ్య, విన్నాడు, వస్తున్నాడు అనుకున్నాను. నువ్వు రాలేదు. నేనా మాట అంటానేమోనని చెవి ఒగ్గి కూచున్నావు."

"కాలు విరిగిందని నాకేం తెలుసు? తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేను కాదా? వారం రోజులు సెలవు పెట్టలేదా?"

"పాక్కుంటూ హాల్లోకి వచ్చాను. రిమోట్ చేతిలో పెట్టుకుని కూచున్నావు. నన్ను చూసి ఏమన్నావో అదైనా గుర్తుందా?"

"కోపంలో ఏదో అన్నాను."

"కోపం కాదు, నిదానంగానే అన్నావు. 'పిలవాల్సిన పద్ధతిలో పిలిస్తే వచ్చేవాణ్ణిగా' అన్నావు."

"అన్నాను. తప్పే. సరేనా? తప్పే. కానీ నీ తప్పేం లేదా? ఒక్క మాట. మూడే అక్షరాలు. అంత నొప్పిలో కూడా అనలేకపోయావంటే నీ పంతం ముందు నేనెంత?"

"నొప్పిలో ఉన్నప్పుడు మనిషి నోటికి ఏ పిలుపొస్తే అదే పిలుస్తుంది. నాకు నీ పేరొచ్చింది. అది పంతమా?"

"సరే. నాకు వాదన వద్దు. ఇక్కడ ఎవరూ లేరు. అమ్మ లేదు, మేనత్త లేదు. ఒక్కసారి అను. నీ నోటితో విన్నానని నాకుంటుంది. అన్నావా, రేపు జడ్జి అడగకముందే సరేనంటాను. మాట ఇస్తున్నాను."

"అనకపోతే?"

"చూద్దాం."

"అయితే ఇదీ నీ బేరం."

"నీ ఇష్టం. ఏదన్నా అనుకో."

"అనను. ఇంకో పదేళ్ళు కోర్టు బల్ల మీద కూచుంటాను కానీ, అలా అడిగి అనిపించుకుంటే మాత్రం అనను."

"కూచో అయితే."

"కూచుంటాను."

గేటు దగ్గర బోర్డింగ్ పాసులు చూసిన అమ్మాయి కాగితాలు పట్టుకుని విమానంలోకి వచ్చింది. అవి సిబ్బందికి ఇచ్చేసి, వెళ్ళబోతూ ఇద్దరి ముందూ ఆగింది.

"సీట్లు బాగున్నాయాండి?"

"మీరు తెలుగువాళ్ళా?"

"ఆయ్, అమలాపురమండి. భవ్యశ్రీ అంటారు. ఇక్కడ మునిర్కాలో రూము తీసుకుని ఉంటున్నానండి. ఇందాక గేటు దగ్గర హడావిడి, మాట్లాడ్డానికి కుదరలేదండి."

"ఇందాక ఫోను తెచ్చిచ్చింది మీరే కదా. చాలా థాంక్స్ అమ్మా."

"నాకెందుకండి థాంక్సు, మేడమ్‌గారికి చెప్పండి."

"ఈవిడకా? ఎందుకు?"

"పోనీలేమ్మా, నువ్వెళ్ళు. తలుపేస్తారేమో."

"ఉండు. నన్ను అడగనీ. అమ్మా, ఈ సీట్లు మాకెవరు ఇమ్మన్నారు? ఎవరన్నా ఫోను చేశారా?"

"ఎవరు చేస్తారండి? నేనే ఇచ్చానండి. వెనకాల ఉన్న సీట్ల కంటే ఎక్కువ టిక్కెట్లు అమ్మేశారండి మావాళ్ళు. ఎవరో ఇద్దర్ని ముందుకి పంపాలి. ఎవర్ని పంపుదామా అని చూస్తుంటే మేడమ్‌గారు మిమ్మల్ని పిలిచారు కదండి."

"నన్నా? ఎప్పుడు?"

"మీరు ఫోను చార్జింగులో వదిలేసి కాఫీ కొట్టు వైపు వెళ్ళిపోతున్నారండి. మేడమ్‌గారు లేచి నిలబడి, 'ఏవండీ, ఏవండీ' అని పిలిచారండి. అనౌన్సుమెంటు గోలలో మీకు వినపడలేదు. అప్పుడు ఆవిడే ఫోను తీసుకొచ్చి నా చేతికిచ్చి, 'ఆ నీలం చొక్కా ఆయనకి ఇవ్వమ్మా' అన్నారండి. ఢిల్లీలో భయ్యా, అంకుల్ తప్ప ఇంకో పిలుపు వినపడదు కదండి. ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చిందండి. మా అమ్మ మా నాన్నని అలాగే పిలుస్తాదండి. తర్వాత మీ పాసులు చూస్తే ఒకరిది ముందు, ఒకరిది ఎక్కడో చివర. భార్యాభర్తల్ని అలా విడదీసి కూచోబెట్టడమేంటి, పాపం అనిపించిందండి. అందుకే మార్చానండి. తప్పు చెయ్యలేదు కదండీ?"

"లేదమ్మా. నువ్వేం తప్పు చెయ్యలేదు."

"ఉంటానండి మరి. తలుపేసేస్తారు. హాయిగా వెళ్ళిరండి."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. తలుపు పడింది.

"ఏవండీ అన్నావట."

"అన్నాను."

"రెండుసార్లు."

"అవును. నువ్వు పలకలేదు. ఆ ఒక్కటీ మాత్రం మారలేదు."

"వినపడలేదు. ఒట్టు, ఇవాళ నిజంగా వినపడలేదు. విని ఉంటే..."

"విని ఉంటే?"

"పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఎన్నాళ్ళు అడిగాను. అమ్మ బతిమాలింది, నేను తిట్టాను, నీ కాలు విరిగింది, అయినా అనలేదు. ఇవాళ ఎవరూ అడక్కుండా, నీ అంతట నువ్వు, అంతమంది మధ్యలో... మైథిలీ."

"ఏంటి?"

"మైథిలీ, ఒక మాట చెప్తాను విను."

"పేరు పెట్టి పిలిచావు. నేను పలికాను, చూశావా? పలకడం అంత తేలిక."

"సరే, నేను వెధవని. ఒప్పుకున్నాను. ఇప్పుడు విను. రేపు అసలు కోర్టుకి వద్దు. దిగగానే ఇంటికెళ్దాం. నువ్వా మాట అన్నావంటే, నీ మనసులో నేనింకా..."

"ఆగు."

"ఎందుకు ఆగాలి? నాకిప్పుడు తెలిసింది."

"ఏమీ తెలీలేదు. ఆ అమ్మాయికీ తెలీదు, పాపం చిన్నపిల్ల. నేను చెప్తాను, విను. ఎవరో ఒక మనిషి ఫోను మర్చిపోయి వెళ్ళిపోతున్నాడు. పిలవాలి. లేచాను. పేరు నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా బయటికి రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"నిరంజన్ అని పిలవడానికి ఆ మనిషి నాకేమవుతాడు? పేరు పెట్టి పిలవాలంటే చనువుండాలి. ఆ చనువుతోనే మెస్సులో పిలిచాను, గృహప్రవేశంలో పిలిచాను, బాత్రూములో పడి కూడా పిలిచాను. ఇవాళ లేదు. ఎక్కిన దగ్గర్నుంచీ నిన్ను ఒక్కసారైనా పేరుతో పిలిచానేమో గుర్తు తెచ్చుకో."

"ఆ రోజు సంగతి చెప్పినప్పుడు..."

"అది ఆ రోజు పిలుపు. ఇవాళ్టిది కాదు."

"మరి 'నువ్వు' అంటున్నావుగా. నువ్వు, నువ్వు అనే కదా ఇందాకట్నుంచీ దెబ్బలాడుతున్నావు?"

"అది కోపం. పాత అలవాటు. అదీ పోతుంది."

"అయితే ఆ ఏవండీ..."

"బస్సులో ముందు సీటాయన రుమాలు పడిపోతే ఏమని పిలుస్తాం? సరోజినీ నగర్ బజార్లో తెలుగు మొహం కనపడి దారి అడగాలంటే ఏమని పిలుస్తాం? ముక్కూ మొహం తెలీనివాళ్ళని మన భాషలో ఏమని పిలుస్తాం? నీకు కావలసిన పిలుపే. అడక్కుండానే వచ్చింది. నువ్వు పరాయివాడివయ్యాక వచ్చింది."

"సర్, మేడమ్, సీట్ బెల్ట్ ప్లీజ్. సర్, ఆప్‌కా గ్లాస్ లే లూఁ?"

"హాఁ, లే జాయియే."

"అమ్మకి పంపిన ఫోటో తీసేశాను."

"చూసేసిందిగా ఆవిడ."

"చూసింది. మళ్ళీ ఫోను చేసి నేనే చెప్తాను, కలిసిపోలేదని. సీట్లు అలా పడ్డాయి, అంతేనని."

"మంచిది."

నిరంజన్ ఆమె వైపు తిరిగాడు.

"ఏవండీ."

"ఎవర్ని?"

"మిమ్మల్నే. రేపు జడ్జిగారు అడిగితే, నేను సరేనంటానండి."